చాలా వేరు, మరీ వేరు

రెండేళ్ల కిందట ఆఫీసులో ఒకావిడ ఎంతో కష్టపడి తయారుచేసిన ప్రాజెక్ట్ ప్లాన్ నాకు పంపింది. ఏ పని ఎప్పటికి అవ్వాలి, ఎవరు చేయాలి, ఎక్కడ ఆలస్యం కావచ్చు, అన్నీ రాసింది. నాకు భలే నచ్చింది. వెంటనే 'యువర్ ప్లాన్ ఈజ్ టూ డీటెయిల్డ్' అని మెసేజ్ పెట్టాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే ప్లాన్ సగానికి సగం తగ్గిపోయి వచ్చింది, నాకు బాగా నచ్చిన వివరాలే పోయాయి, పైగా కింద 'సారీ, కుదించాను' అని ఒక ముక్క. ఆవిడ మాతృభాష ఇంగ్లీషే. నా మెచ్చుకోలుకి ఆవిడ సారీ చెప్పాల్సి వచ్చిందంటే ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

తప్పంతా ఆ టూ దగ్గరే ఉంది. ఆలోచిస్తే మనం పొరబడాల్సిన చోటు కూడా కాదిది, ఎందుకంటే ఈ తేడా తెలుగులో పుట్టినప్పటి నుంచీ మన నోట్లో ఉంది. 'నీళ్లు చాలా వేడిగా ఉన్నాయి' అంటే వేడి ఎంతుందో చెప్పడం, అంతే. 'నీళ్లు మరీ వేడిగా ఉన్నాయి' అంటే వాటితో ఇబ్బంది ఉందని, కాసేపు ఆగాలనో చన్నీళ్లు కలపాలనో చెప్పడం. వెరీ అంటే చాలా, టూ అంటే మరీ. టూ వాడిన ప్రతిసారీ దాని వెనక ఏదో ఒక ఇబ్బంది నిలబడి ఉంటుంది, అందుకే 'టూ హాట్ టు డ్రింక్' లాంటి వాక్యాలు అంత సహజంగా వస్తాయి, తాగలేనంత వేడి అని. ఇప్పుడు నేను టూ రాసే ముందు లోపల 'మరీ' పెట్టి చూసుకుంటాను. 'ఐ యామ్ టూ హ్యాపీ' అని రాయబోతే 'నేను మరీ సంతోషంగా ఉన్నాను' అని వినిపిస్తుంది, వెంటనే చెయ్యి ఆగిపోతుంది. 'యూ ఆర్ టూ కైండ్' అని మర్యాదకు అనేది ఒకటి ఉంది, అది స్థిరపడిపోయిన మాట, దాన్ని చూసి మిగతావాటిని అల్లుకోకూడదు.

అయితే తెలుగు అన్నిచోట్లా ఇలా ఆదుకోదు, కొన్నిచోట్ల మనల్ని పక్కదారి పట్టించేది కూడా అదే. 'ఇది దానికంటే చాలా పెద్దది' అంటాం. మనకి పెద్ద అనే మాట పోలికలో కూడా మారదు, 'కంటే' వచ్చి పోలిక పని చూసుకుంటుంది, ముందు 'చాలా' హాయిగా కూర్చుంటుంది. ఇంగ్లీషులో బిగ్ కాస్తా బిగర్ అయిపోతుంది, అలా మారిన మాట వెరీని దగ్గరకు రానివ్వదు. కాబట్టి 'వెరీ బిగర్' తప్పు. మచ్ బిగర్, ఫార్ బిగర్, ఎ లాట్ బిగర్, వీటిలో ఏదైనా సరే. 'చాలా నచ్చింది', 'చాలా బాగుంది' రెండిటికీ మనకు ఒకటే 'చాలా' కాబట్టి 'వెరీ మచ్ గుడ్' అనే తప్పు కూడా ఇక్కడి నుంచే పుడుతుందని నా నమ్మకం. లైక్ లాంటి క్రియకైతే వెరీ మచ్, గుడ్ లాంటి విశేషణానికైతే ఉత్త వెరీ. ఎనఫ్ సంగతీ ఇంతే: 'సరిపోయేంత పెద్దది' అని మనం ముందు పెట్టేది ఇంగ్లీషులో వెనక్కి పోవాలి, బిగ్ ఎనఫ్.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇంకోటుంది. ఫ్రీజింగ్, ఎగ్జాస్టెడ్, హ్యూజ్ లాంటి మాటలకు వెరీ ఎందుకు పొసగదో చాలాకాలం నాకు అర్థం కాలేదు, వెరీ కోల్డ్ ఒప్పైనప్పుడు వెరీ ఫ్రీజింగ్ ఎందుకు చెవికి తగులుతుందని. జవాబు మన పట్టపగలులో దొరికింది. 'చాలా పట్టపగలు' అని ఎవరైనా అంటారా? మొట్టమొదటి, చిట్టచివరి, నట్టనడుమ, వీటన్నిటిలో ఒత్తి చెప్పడం మాటలోనే కలిసిపోయి ఉంది, పైన ఇంకో 'చాలా' పెట్టడానికి చోటు లేదు. ఫ్రీజింగ్ అంటేనే గడ్డకట్టించే చలి, వెరీ దాని కడుపులోనే ఉంది. అలాంటి మాటను ఇంకా ఒత్తాలంటే అబ్సల్యూట్లీ వాడతారు, అబ్సల్యూట్లీ ఫ్రీజింగ్. ఆ అబ్సల్యూట్లీని తెచ్చి టైర్డ్ ముందు పెడితే మళ్లీ అతకదు, ఎందుకంటే టైర్డ్‌కి మెట్లున్నాయి, కొంచెం, బాగా, చాలా అని, ఎగ్జాస్టెడ్ ఆ మెట్లన్నీ ఎక్కేసి పైన నిలబడ్డ మాట.

ఇది తెలిస్తే క్వైట్ కూడా లొంగుతుంది. ఇంపాసిబుల్ లాంటి, మెట్లు లేని మాట ముందు క్వైట్ అంటే పూర్తిగా అని అర్థం, 'క్వైట్ ఇంపాసిబుల్' అంటే అసలు కుదరదనే. మెట్లున్న గుడ్ ముందు వస్తే మాత్రం, ముఖ్యంగా బ్రిటిష్ వాళ్ల నోట, చాలాసార్లు మన 'బాగానే ఉంది' అవుతుంది. 'బాగుంది'కి, 'బాగానే ఉంది'కి మధ్య ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు, వంట చేసినవాళ్లను అడగండి. అమెరికన్లు 'క్వైట్ గుడ్' అంటే ఎక్కువగా మెచ్చుకోలు కిందే లెక్క. ఈ గొడవ వల్ల నేను ఎవరి పనినైనా మెచ్చుకోవాల్సి వస్తే క్వైట్ జోలికి పోను. ఏది వాడాలో తోచనప్పుడు రియల్లీ రాస్తాను, అది మెట్లున్న మాటకీ లేని మాటకీ రెండిటికీ అతుకుతుంది, రియల్లీ కోల్డ్, రియల్లీ ఫ్రీజింగ్.

ఆ రోజు ఆవిడకి రాసిన రెండో మెసేజ్‌లో కూడా అదే వాడాను: నిన్నటి ప్లాన్ రియల్లీ డీటెయిల్డ్‌గా ఉంది, నాకు అదే కావాలి, దయచేసి దాన్నే మళ్లీ పంపండి అని. పది నిమిషాల్లో పాతది తిరిగి వచ్చింది.