మూడు బస్తాల కోటి
కోటి అంటే పిల్లలకి ఒకటి పక్కన ఏడు సున్నాలే. మన డెల్టాలో దాన్ని చేత్తో ముట్టించొచ్చు. స్వర్ణ రకం ధాన్యం వెయ్యి గింజలు, వందేసి చొప్పున పది కుప్పలు పెట్టించి తూయించండి: సుమారు 20 గ్రాములు. వందే తూస్తే, వంటింటి కాటా అరగ్రాము అటూ ఇటూ అయినా లెక్క పావు వంతు తప్పుతుంది. వెయ్యికి 20 గ్రాముల లెక్కన 75 కిలోల బస్తాకి 37 లక్షల గింజల పైనే. మూడు బస్తాలకి కోటి దాటేసింది! వాటి మీద కూర్చోబెట్టండి.

ఇక "అన్నిటికన్నా పెద్ద సంఖ్యేది?" అంటారు. అనంతం అని చెప్పెయ్యకండి, అదో సంఖ్య అనుకుంటారు. "నువ్వు చెప్పు, నేను ఒకటి కలుపుతా" అనండి. తర్వాత ప్రతి సంఖ్యకీ దాని రెట్టింపుని, 1కి 2, 2కి 4, 3కి 6 అని, జత కట్టించండి. సరిసంఖ్యలు సగమే కదా, మరి ఎటువైపూ ఒక్కటీ మిగలదేం? ఆ తికమకలో కాసేపు ఉండనివ్వండి, తొందరపడి విప్పకండి.