ఇంటిపేరు ముందా, వెనకా: థీసిస్ రిఫరెన్సుల గొడవ

థీసిస్ సెక్షన్ వాళ్లు నా రిఫరెన్సుల జాబితాకి ఎట్టకేలకు టిక్ పెట్టారు. చిరాకు ఆరకముందే రాసేస్తున్నా. చెన్నైలో ఉండి తెలుగు సాహిత్యం మీద ఇంగ్లీషులో థీసిస్ రాసేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. మిగతావాళ్లు కావలసింది ఏరుకోండి.

జర్నల్ వ్యాసాలతో పేచీ లేదు. రిఫరెన్సులు దాచి పెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో వ్యాసం డీఓఐ (దాని శాశ్వత గుర్తింపు సంఖ్య) కొడితే వివరాలు వచ్చి పడతాయి. మా వాళ్లు అడిగే రిఫరెన్సుల పద్ధతి ఏపీఏ. దాని ఏడో ఎడిషన్‌లో ప్రచురణకర్త ఊరు రాయక్కర్లేదు. రచయితలు ముగ్గురు, ఆపైన ఉంటే వ్యాసం మధ్యలో మొదటిసారి నుంచే మొదటి పేరు పక్కన ‘ఎట్ ఆల్’ (తదితరులు). ఉటంకింపు 40 మాటలు, ఆపైన ఉంటే కోట్స్ తీసేసి అర అంగుళం లోపలికి జరపాలి.

కొంప ముంచేది పేర్లు. సెక్షన్ వాళ్ల నమూనా కాగితంలో ‘సర్‌నేమ్, కామా, ఇనీషియల్స్’ అని ఉంటుంది. కౌంటర్లో ఉన్నాయన లెక్కలో పేరులోని చివరి మాటే సర్‌నేమ్. ఆ లెక్కన శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి ‘శాస్త్రి, ఎస్. కె.’ అవుతారు, శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి ‘శాస్త్రి, ఎస్. ఎస్.’ అవుతారు. ఒకే సర్‌నేమ్ ఇద్దరికుంటే వ్యాసం మధ్యలో కూడా ఇనీషియల్స్ పెట్టాలంటుంది ఏపీఏ. ఇక ప్రతి పేజీలోనూ శాస్త్రులే, రావులే. ఎవరు ఎవరో పరీక్షకుడికి దేవుడే చెప్పాలి. ఇంటిపేరు మొదట్లో ఉంటుందని చెబితే, “మీ రచయితల సర్‌నేమ్ మీకే తెలీదా?” అని నలుగురి ముందూ అడిగాడు. ఆయన తమిళాయనే. తన పేరు ముందున్న ఇనీషియల్ తండ్రిదని ఆయనకి తెలియదా? తమిళ పండితుడు ఉ. వే. సామినాథయ్యర్ పేరులో ఉ అంటే ఊరు, ఉత్తమదానపురం. వే అంటే తండ్రి వేంకటసుబ్బయ్యర్. ఆయన్ని ‘అయ్యర్, యు. వి. ఎస్.’ అని రాస్తే చెన్నైలో ఏ లైబ్రరీలోనూ దొరకరు.

ఆ నోరు మూయించింది లైబ్రరీ కేటలాగు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగు నెట్‌లో ఉచితం. రచయిత పేరు ఏ శీర్షిక కింద ఉందో అక్కడ చూసి, ప్రింటు తీసి, జాబితాకి జత చేయండి. దాన్ని బట్టి జాబితాలో వ్యక్తి పేరు మొత్తం ముందు, ఇంటిపేరు ఇనీషియల్‌గా వెనక: ‘సుబ్రహ్మణ్య శాస్త్రి, ఎస్.’ తెలుగు లిపిలో రాసే జాబితాకైతే తిప్పడమే వద్దు, కామా అంతకన్నా వద్దు. మన ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది. ఏ పద్ధతి పాటించారో జాబితా పైన రెండు వాక్యాల్లో రాయండి. పద్ధతి నచ్చకపోవచ్చు గానీ, తప్పని ఎవరూ అనలేరు.

జొటెరోలో రచయిత పేరుకి రెండు గళ్లుంటాయి. పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే ఒకే గడి అవుతుంది. కలం పేర్లకీ సంస్థలకీ అది తప్పనిసరి. లేకపోతే సాహిత్య అకాడమీ ‘అకాడమీ, ఎస్.’ అయి కూర్చుంటుంది. ఆరుద్రని ఆరుద్రగానే ఉంచండి, సొంతపేరు తవ్వకండి.

తర్వాతి తలనొప్పి సంవత్సరం. పాత పుస్తకాల మీద ‘ప్రమోదూత’ అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అది 1930 ఉగాది నుంచి 1931 ఉగాది దాకా. మాఘమని ఉంటే 1931. నెల లేకపోతే చదరపు బ్రాకెట్లలో [1930-31] అని వేయండి. శాలివాహన శకమైతే 78 కలపాలి, జనవరి నుంచి ఉగాది దాకా 79. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ముద్రణాలయం ఎప్పటిదో కూడా చూసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్లకి తగిలించిన సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి, రచయిత పేరే తప్పున్నవి బోలెడు. జొటెరో ఆ తప్పుల్నే మింగుతుంది. టైటిల్ పేజీ, దాని వెనక పేజీ తెరిచి చూడాల్సిందే. పునర్ముద్రణ అయితే ఏపీఏలో వ్యాసం మధ్యలో రెండు సంవత్సరాలూ నడుమ ఏటవాలు గీతతో (/) వస్తాయి, కానీ పేజీ నంబరు మీ చేతిలో ఉన్న ముద్రణదే కావాలి.

థీసిస్‌లో ఎంత భాగం వేరే రచనలతో కలుస్తుందో చెప్పే సిమిలారిటీ రిపోర్టుకి హడలిపోకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. మూలం చెప్పిన ఉటంకింపులు, రిఫరెన్సులు, వరసగా 14 మాటల దాకా కలిసిన మామూలు మాటలు లెక్కలోకి రావు. ఆ మినహాయింపులు ఆన్ చేయకుండానే రిపోర్టు తీసి భయపెట్టే ఆఫీసులున్నాయి. సెట్టింగులు చూపించమని అడగండి. ‘శాతం తగ్గిస్తాం’ అనే డీటీపీ షాపులకి డబ్బు పోయకండి. వాళ్లు మాటలు మార్చేసి మూలం పేరు ఎగరగొడతారు. అప్పుడది నిజంగానే దొంగతనం అవుతుంది.

అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) ఉన్న తెలుగుని యూనికోడ్‌లోకి మార్చాకే అప్‌లోడ్ చేయండి. మార్చాక వత్తులు, పొల్లులు కళ్లతో చూసుకోండి. వర్డ్‌లో జొటెరో లింకులు తెంపేముందు ఫైలుకి ఒక కాపీ దాచండి. తెంపాక జాబితా తనంతట తాను మారదు, సెక్షన్ వాళ్లు మళ్లీ కామా అడిగితే అన్నీ చేత్తోనే.