చిన్నపిల్లల బొమ్మలకు గ్రేడ్ ఎలా ఇచ్చానంటే...

రెండో తరగతి పిల్లల డ్రాయింగ్‌కు గ్రేడ్లు రాయాల్సి వచ్చినప్పుడు నాకు పెద్ద టెన్షన్ ఒక్కటే: దేనికి ఇవ్వాలి? బొమ్మ అందానికైతే ఇంట్లో ఎవరో ఒకరు గీయడం నేర్పిన పిల్లలకే ఎప్పుడూ ‘ఎ’ గ్రేడ్ వస్తుంది. నా క్లాసులో వాళ్లు కొత్తగా నేర్చుకున్నదేమిటో అందులో తేలదు.

మనిషి బొమ్మ గీయించి చెవులు, వేళ్లు లెక్కపెట్టి మార్కులు వేసేద్దామన్నారు తోటి టీచర్ ఒకరు. అలాంటి పరీక్షను అమెరికా మనస్తత్వవేత్త ఫ్లోరెన్స్ గుడ్‌ఇనఫ్ 1926లోనే తెచ్చారు గానీ, అది పిల్లల తెలివితేటల అంచనా కోసం. మా పాఠమేమో రంగులు కలపడం!

అందుకని ముందు పాఠం లక్ష్యాన్నే మార్చి రాసుకున్నాను. ‘రంగులపై ఆసక్తి పెరుగుతుంది’ అంటే దాన్ని ఎవరు కొలుస్తారు? ‘రెండు రంగులు కలిపి మూడోది చేసి, ఎలా వచ్చిందో చెబుతారు’ అన్నాను. దానికి మూడు మెట్లు పెట్టుకున్నాను: పక్కన ఉండి చెబితే చేయడం, సొంతంగా చేయడం, బొమ్మలో కావాల్సిన చోట తామే ఆలోచించి వాడటం. ‘బాగుంది’ అనే మాటను ఆ పట్టికలోకి రానివ్వలేదు.

ఒక పాప కాగితం చూస్తే అంతా మట్టిరంగు ముద్ద. ‘ఇదెలా వచ్చిందమ్మా?’ అని అడిగాను. ‘పసుపులో నీలం కలిపితే ఆకుపచ్చ అయింది టీచర్. అందులో కొంచెం ఎరుపు వేస్తే ఇలా వచ్చింది. చెట్టు మొదలుకి ఇదే కావాలి, అందుకే ఎక్కువ చేసుకున్నా’ అంది. నేరుగా మూడో మెట్టు. పక్కనే ముచ్చటైన బొమ్మ వేసిన బాబు ట్యూబులో రంగు ట్యూబులోంచే వాడాడు. గీత చక్కగా ఉంది, కలపడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

అప్పటినుంచి బొమ్మతోపాటు రంగులు కలిపి చూసుకున్న చిత్తు కాగితం కూడా దాచమంటున్నాను. అసలు సాక్ష్యం దాని మీదే ఉంటుంది. వెనక తేదీ వేసి, పిల్లలు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తాను. ఒక్కో పీరియడ్‌లో నలుగురైదుగురితోనే మాట్లాడగలం, మిగతావాళ్లు తర్వాతి వారం. ఎవరి ఫైలును వాళ్ల పాత ఫైలుతోనే పోలుస్తాను.

గోడలోంచి లోపలి మంచం కనబడేలా ఇల్లు గీసినా తప్పు పట్టను. పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో కళా విద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వివరించిన దశల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో అది మామూలే. అలాగని ఆ వయసులను పట్టుకుని కూర్చోను. ఒకే బెంచీ మీద రెండు దశల పిల్లలూ ఉంటారు.

ఇంకా తేలనిది నోరు విప్పని పిల్లల సంగతి. వాళ్లను ప్రశ్నలతో విసిగించకుండా బ్రష్ చేతికిచ్చి, ‘ఆ రంగు మళ్లీ ఒకసారి చేసి చూపించు’ అంటున్నాను. కొందరు అప్పుడు చూపిస్తున్నారు. ఏమీ తేలని వాళ్లకు ఆ గడి ఖాళీగానే ఉంచుతున్నాను.