మిషన్ ఆగిన రోజులు

నాకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలినప్పుడు ఆపరేషన్ చేస్తారనుకున్నాను. ఈ స్టేజీలో కరెంటు పెట్టడమే సరైన వైద్యమన్నారు డాక్టరుగారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రేడియేషన్, ఐదు వారాలు. వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు. చివర్లో లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ. అంతా ఎనిమిది వారాల్లోపు పూర్తవాలని, మధ్యలో గ్యాప్ వస్తే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయని గట్టిగా చెప్పారు.

మాది పలాస. ఆ ఒంటితో రోజూ రైల్లో విశాఖ వెళ్లి రావడం అయ్యే పని కాదు. గాజువాకలో మా వదిన తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగిపోయింది గానీ, ఆ గది ఏ కార్డు మీదా రాదు.

మిషన్ కింద పడుకునేది కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు. ముందు కడుపునిండా నీళ్లు తాగి ఆపుకోవాలి. పొట్ట మీద గీసిన గీతలు చెరగకుండా స్నానం చేయాలి. సగం వారాలు గడిచాక విరేచనాలు, నీరసం మొదలయ్యాయి. మజ్జిగన్నం తప్ప ఏదీ సయించేది కాదు.

అప్పుడే మిషన్ పాడైంది. విడిభాగం రావాలన్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె, తనదీ నా జబ్బే, మూట కట్టేసుకుంది. "ఎన్నాళ్లని కూలి మానుకుంటాడు తల్లీ మావోడు?" అంది. మిషన్ బాగయ్యాక కూడా ఆమె తిరిగి రాలేదు. ఇద్దరిదీ ఒకే జబ్బు, ఒకే మందు. నాకు గది ఉంది, ఆమెకు లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆగిన రోజులకు బదులుగా శనివారాలు కూడా పెట్టి నా కోర్సు సర్దారు. డోసు లెక్కలు చూసే ఫిజిసిస్ట్ గారిని అడిగితే ఉగాండా సంగతి చెప్పారు. 2016లో ఆ దేశం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క కోబాల్ట్ మిషన్ (కోబాల్ట్ అనే రేడియోధార్మిక లోహంతో రేడియేషన్ ఇచ్చేది) పాడైపోతే, కొత్తది పని మొదలుపెట్టడానికి ఏడాదిన్నర పైనే పట్టిందట. కోబాల్ట్ శక్తి ఐదేళ్లకు పైబడేసరికి సగమవుతుంది, అదే డోసుకు రెట్టింపు సేపు పడుతుంది, రోజుకు చూడగలిగే రోగులు తగ్గుతారు. 2022లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పేద దేశాల్లో క్యాన్సర్ వైద్యం పెంచడానికి 'రేస్ ఆఫ్ హోప్' (ఆశాకిరణాలు) అనే కార్యక్రమం మొదలుపెట్టేనాటికి ఆఫ్రికాలో ఇరవైకి పైగా దేశాల్లో ఒక్క మిషన్ కూడా లేదు. క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో రేడియేషన్ కావాలి కదా, వాళ్లంతా ఎక్కడికి వెళ్లాలి? మన భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) వాళ్లు తయారుచేసిన భాభాట్రాన్ లాంటి కోబాల్ట్ మిషన్లు వేరే దేశాలకూ వెళ్లాయి. మిషన్ ఒక్కటే పంపితే సరిపోదు, డోసు కొలిచే ఫిజిసిస్టు, నడిపే టెక్నాలజిస్టు, చూసే డాక్టరు లేకపోతే అది గదిలో పడి ఉంటుందని ఆయన అన్నారు.

ఇప్పుడు చెకప్‌లు బాగానే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా రేడియేషన్ రాస్తే మొదటిరోజే అడగండి: రోగితో పాటు తోడుండే మనిషికి బస ఎక్కడ? మిషన్ ఆగితే ఆ రోజులను ఎలా సర్దుతారు? మరో ఆసుపత్రికి పంపించే ఏర్పాటు ఉందా?