హోహెన్‌జోలెర్న్ వంశవృక్షం వేసుకున్నాకే జర్మనీ ఏకీకరణ అర్థమైంది: హిస్టరీ ఆప్షనల్ అనుభవం

సివిల్స్ తుది జాబితాలో నా పేరు వచ్చినప్పటి నుంచి మిత్రులు ఎక్కువగా అడుగుతున్నది హిస్టరీ ఆప్షనల్ రెండో పేపరు గురించే. సిలబస్, ప్రశ్నల తీరు మీకు తెలిసినవే కనుక, నా సమాధానాలను మార్చిన ఒక్క అంశం గురించే రాస్తాను.

జర్మనీ ఏకీకరణ అనగానే ప్రష్యా ప్రధాని బిస్మార్క్‌తో మొదలుపెట్టి మూడు యుద్ధాలతో ముగించడం అందరూ చేసేదే. జర్మన్ రాజ్యాల్లో ప్రష్యాకే ఆ శక్తి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు నాకు ఆ రాజ్యాన్ని ఏలిన హోహెన్‌జోలెర్న్ వంశ వారసత్వంలో దొరికింది. 1415లో న్యూరెంబర్గ్ బర్‌గ్రేవ్ (కోట పాలకుడు) ఫ్రెడరిక్‌కు బెర్లిన్ చుట్టుపక్కల ఉన్న బ్రాండెన్‌బర్గ్ దక్కింది. ఆయన కుమారుడు ఆల్బ్రెక్ట్ అకిలీస్ 1473లో, బ్రాండెన్‌బర్గ్ ముక్కలు కాకుండా పెద్ద కుమారుడికే చెందాలని, చిన్న కుమారులకు దక్షిణాన ఉన్న ఫ్రాంకోనియా భూములు ఇవ్వాలని శాసనం చేశాడు. పొరుగున సాక్సనీని ఏలిన వెట్టిన్ వంశంలో సోదరులు ఎర్నెస్ట్, ఆల్బర్ట్ 1485లో లైప్జిగ్ ఒప్పందంతో తమ రాజ్యాన్ని పంచుకున్నారు. ఎర్నెస్ట్ శాఖ ఆ తరువాత కూడా పంచుకుంటూ పోయి, తాత పొలం మనవళ్ల నాటికి గట్లుగా మిగిలినట్టు, వైమార్, గోతా, కోబర్గ్, మైనింగెన్ వంటి చిన్న డచీలు (డ్యూక్‌లు ఏలే సంస్థానాలు) అయింది. హోహెన్‌జోలెర్న్‌లు కూడా 1535లో నియమం తప్పి తూర్పు భాగమైన నోయ్‌మార్క్‌ను చిన్న కుమారుడికి ఇచ్చారు గానీ, అతనికి మగ సంతానం లేకపోవడంతో 1571లో అది తిరిగి కలిసింది. ఈ మినహాయింపును కూడా రాయండి. చదివి రాస్తున్నారని దిద్దేవారికి తెలుస్తుంది.

ఇక బ్రాండెన్‌బర్గ్ పాలకుడు యోహాన్ సిగిస్మండ్ వివాహం. ఆయన భార్య అన్నా తండ్రి ప్రష్యా డ్యూక్, తల్లి క్లేవ్స్ వంశపు ఆడపడుచు. ఆ ఒక్క సంబంధంతో 1614లో రైన్ వైపు క్లేవ్స్, మార్క్, 1618లో బాల్టిక్ తీరాన ప్రష్యా డచీ ఈ వంశానికి వచ్చాయి. 1701లో కోనిగ్స్‌బర్గ్‌లో రాజకిరీటం పెట్టుకోవడానికి ఆధారం ఈ ప్రష్యాయే.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది మరొకటి: బిస్మార్క్ యుద్ధాలు మూడింటి వెనుకా వారసత్వ వివాదం ఉంది. 1863లో డెన్మార్క్ రాజు ఏడవ ఫ్రెడరిక్ సంతానం లేకుండా మరణించడంతో, ఆయన ఏలిన డచీలు ష్లెస్విగ్, హోల్‌స్టైన్‌లు ఎవరివన్న వివాదం ముదిరి 1864 యుద్ధం వచ్చింది. గెలిచిన ఆ డచీల పాలనపై ఆస్ట్రియాతో తగవు 1866 యుద్ధానికి దారితీసింది. 1870లో స్పెయిన్ సింహాసనానికి ప్రతిపాదించిన లియోపోల్డ్ ఇదే వంశపు సిగ్మారింగెన్ శాఖవాడు. ఆ ప్రతిపాదనను ఫ్రాన్స్ వ్యతిరేకించడమే మూడో యుద్ధానికి దారితీసింది.

వంశవృక్షాలు వేస్తూ కూర్చుంటే సమయం వృథా అని హెచ్చరించినవారు ఉన్నారు. నేను అంగీకరించలేదు, ఇప్పటికీ అంగీకరించను. రోజూ తెల్లవారుజామున పుస్తకం చూడకుండా ఒక వంశాన్ని కాగితంపై వేసి, తప్పులు దిద్దుకున్నాకే మరో పని ముట్టుకునేవాణ్ణి. ఒంట్లో బాగాలేని రోజున కూడా ఆ నియమం తప్పలేదు. తేదీలు గుర్తుండవని బాధపడే మిత్రులు ముందు ఈ క్రమశిక్షణను అలవరచుకోవాలి.

ఆస్ట్రియా, ఇటలీలను నేను వేగంగానే ముగించాను. మీకు సమయం ఉంటే హానోవర్‌ను కూడా ఇలాగే వేసి చూడండి. ఈ జర్మన్ రాజ్యానికి అప్పట్లో బ్రిటన్ రాజే రాజు. మగ వారసుడు ఉండగా స్త్రీకి సింహాసనం దక్కదన్న నియమం వల్ల 1837లో విక్టోరియాకు బ్రిటన్ మాత్రమే వచ్చింది, హానోవర్ ఆమె పినతండ్రి ఎర్నెస్ట్ ఆగస్టస్‌కు వెళ్లింది. 1866లో ప్రష్యా దాన్ని కలుపుకున్నప్పుడు సింహాసనం కోల్పోయినవాడు ఆయన కుమారుడు అయిదవ జార్జ్.