ఉరుము కాదన్నయ్యా

పెదనాన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ముందు ఇల్లు సర్దుతూ అటక మీది నల్ల ట్రంకుపెట్టె దించాం. మూత మీద తెల్లరంగుతో ఆయన ఆర్మీ నంబరు ఇంకా చెరిగిపోలేదు. లోపల ఒక ఉన్ని మఫ్లరు, ఒక షేవింగ్ బ్రష్షు, అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఇన్‌లాండ్ లెటర్ల కట్ట. కట్టకు వేసిన రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తునిగిపోయింది. లెక్కపెడితే 14 ఉత్తరాలు, అన్నీ 1971లో మా నాన్నమ్మ పంపినవే.

సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలు చాలా ఇళ్లలో కనిపిస్తాయి, బీరువాలోనో దేవుడి గూట్లోనో భద్రంగా. ఇంటి నుంచి వాళ్లకు వెళ్లినవి మాత్రం మిగలవు, ఎందుకంటే వీపున మోసే సంచిలో కాగితాలకు చోటుండదు, వానకు తడుస్తాయి, క్యాంపు మారినప్పుడల్లా ఏదో ఒకటి వదిలేయాలి. మా ఇంట్లో తిరగబడింది. పెదనాన్న రాసినవన్నీ మా పాత చెక్కపెట్టెలో చెదలు తినేశాయి, వాళ్లమ్మ రాయించినవి మాత్రం ఆయన యుద్ధం దాటించి తెచ్చుకుని యాభై ఏళ్లు దాచుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు కూడా.

పెదనాన్న సైన్యంలో ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశాడు. వంతెనలు వేయడం, మందుపాతరలు ఏరేయడం. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన 1971లో ఆయన్ని తూర్పు వైపు పంపారు. మా వాళ్లు అప్పుడు వైజాగ్‌లో బురుజుపేట దగ్గర అద్దె ఇంట్లో ఉండేవారు, తాతయ్య పోర్టులో కళాసీ. నాన్నమ్మకు చదువు రాదు. ఆవిడ చెబుతుంటే రాసింది మా నాన్న, అప్పటికి పదకొండేళ్లు.

ప్రతి ఉత్తరం ఒకేలా మొదలవుతుంది. "చిరంజీవి పెద్దబాబుకు మీ అమ్మ దీవించి వ్రాయించునది ఏమనగా, ఉభయకుశలోపరి." వ్రాయునది కాదు, వ్రాయించునది. ఆ ఒక్క అక్షరంలో నాన్నమ్మ పీట మీద కూర్చుని చెప్పడం, మా నాన్న నేల మీద బోర్లా పడుకుని రాయడం రెండూ కనబడతాయి నాకు. ఇక ఉభయకుశలోపరి అన్న మాట ఎన్ని ఉత్తరాల్లో చదివానో, ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. అక్కడ నువ్వూ ఇక్కడ మేమూ క్షేమం, ఆ మీదట సంగతులు, అని కదా దానర్థం. కొడుకు క్షేమంగా ఉన్నాడో లేదో తెలియని తల్లి 14 సార్లు ఆ మాటే ముందు రాయించింది.

చిరునామాలో ఊరు లేదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. ఆ ఉత్తరాలు కలకత్తా వెళ్లి, అక్కడి నుంచి మిలటరీ తపాలాలో యూనిట్ ఎక్కడుంటే అక్కడికి చేరేవి. ఈ 99 ఏ జిల్లాలో ఉందిరా అని నాన్నమ్మ పోస్ట్‌మాన్‌ని కూడా అడిగిందట. నవంబరు 15 తర్వాతి ఉత్తరాల మీద అదనంగా అయిదు పైసల స్టాంపు ఒకటి ఉంది, శరణార్థుల సహాయం కోసం దేశమంతా అంటించినది. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా మన దేశానికి వచ్చేశారు అప్పటికి. పెదనాన్న ఆ జనాన్ని కళ్లారా చూస్తూ ఉండేవాడు, ఇక్కడ తాతయ్య వాళ్ల కోసం స్టాంపు కొంటూ ఉండేవాడు.

ఇన్‌లాండ్ లెటర్ లోపల ఏమీ పెట్టకూడదు. నాన్నమ్మకేమో అమ్మవారి కుంకుమ పంపాలి. మార్గశిరమాసం గురువారాలు కనకమహాలక్ష్మి గుడికి వెళ్లి, పసుపు కుంకుమ తన చేత్తోనే అమ్మవారికి పెట్టి (ఆ గుడిలో భక్తులే స్వయంగా పూజ చేసుకోవచ్చు, గర్భగుడికి పైకప్పు కూడా ఉండదు), అదే బొటనవేలిని తిన్నగా ఇంటికి తెచ్చి కాగితం మూలన అద్దేది. ఇప్పుడది ఇటుకరంగు మచ్చ. దగ్గరగా పట్టుకుంటే వేలిగీతలు తెలుస్తున్నాయి. నాన్నమ్మ ఫోటో మా దగ్గర ఒక్కటే ఉంది, అదీ మసకగా. వేలిముద్ర ఇంత స్పష్టంగా దొరుకుతుందని అనుకోలేదు.

ఉత్తరాల్లో యుద్ధం ఊసే లేదు. పక్కింటి వాళ్ల గేదె ఈనింది. చిట్టీ పాట ఈ నెల మనకు రాలేదు. ఉసిరికాయ ఊరగాయ పెట్టాం, నీ వాటా చిన్న జాడీలో వేరే తీసి వాసెన కట్టాను, ఎవరూ ముట్టరు. నూతిలో చేద పడిపోతే మీ నాన్న పాతాళగరిగెతో తీశాడు. మా చిన్నప్పుడు పెదనాన్న ఒకసారి అన్నాడు, "యుద్ధం కబుర్లు నాకెందుకు, నేను దాంట్లోనే ఉన్నాను కదా. నాకు కావాల్సింది మన వీధి." ఆ మాట అప్పుడు తలకెక్కలేదు.

ఇక డిసెంబరు 4, శనివారం నాటి ఉత్తరం. దీని కోసమే ఈ పోస్టు.

వైజాగ్‌లో పెరిగినవాళ్లకు ఘాజీ కథ తెలియందేం కాదు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరానికి దగ్గర్లోనే ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిపోయింది. అది వెతుక్కుంటూ వచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది, విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించే పని రాజ్‌పుత్ అనే మన యుద్ధనౌక చేసింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకే (నీళ్లలో పేలే బాంబులు) మునిగిందని మనవాళ్లు, తన మైన్లకే (సముద్రంలో వేసే మందుపాతరలు) పేలిందని వాళ్లు అంటారు. అందులో తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. వాళ్ల జేబుల్లోనూ ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు ఉండి ఉంటాయి, బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇప్పుడు నాకు అదే గుర్తొస్తోంది. ఆ రాత్రి పేలుడుకి ఒడ్డున ఇళ్ల కిటికీలు అదిరాయి. సంగతేమిటో డిసెంబరు 9న ప్రకటించేదాకా ఊళ్లో ఎవరికీ తెలియదు.

నాన్నమ్మ ఏం రాయించిందో చూడండి. "రాత్రి ఇక్కడ ఉరిమినది. వాన పడునేమో అని వడియాలు లోపల పెట్టినాము. నీవు చలిలో తిరగవద్దు, మఫ్లరు కట్టుకొనుము."

అంతే. యుద్ధం వల్ల ఆ రోజుల్లో వీధి దీపాలు ఆర్పేసేవారు, కిటికీలకు నల్లకాగితాలు, తాతయ్య నైట్ షిఫ్టుకి పోర్టుకి వెళ్తే తెల్లారేదాకా ఇంట్లో నిద్ర లేదు. అవేవీ రాయొద్దంది. కొడుకు యుద్ధానికి వెళ్లాడనుకుంటే యుద్ధం తన వాకిట్లోకే వచ్చింది, అయినా వాడికి తెలియకూడదు, అక్కడ వాడు టెన్షన్ పడకూడదు.

పెదనాన్న ఏ ఉత్తరమూ చింపలేదు, అతుకుల దగ్గర బ్లేడుతో నెమ్మదిగా విడదీశాడు. అందుకే దొరికింది. జిగురు రాసే మడత లోపలి వైపు, పెన్సిలుతో, చీమల్లాంటి అక్షరాలు: "అన్నయ్యా, ఉరుము కాదు. కిటికీ అద్దం పగిలింది. అమ్మ రాయొద్దంది. నాకు భయంగా ఉంది."

తాతయ్యకు చదవడం వచ్చు, ఆయన చూశాకే ఉత్తరం అతికించేవారు. అతికించే పని మాత్రం మా నాన్నది.

నాన్నకు చూపించాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కట్టలో ఆఖరి ఉత్తరం అందుకున్నాడు, అది డిసెంబరు 17 నాటిది. ముందురోజు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, ఆ రోజు గురువారం, మార్గశిరంలో చివరి గురువారం. నాన్నమ్మ గుడి నుంచి వచ్చేసరికి వీధిలో జనం రేడియో చుట్టూ మూగి ఉన్నారట. ఉత్తరంలో మాత్రం, "అయిపోయినదని అంటున్నారు. సెలవు ఎప్పుడు ఇత్తురు? జాడీ అలాగే ఉన్నది." ఈ ఉత్తరానికి రెండు మూలలా కుంకుమ ఉంది.

"ఆ పెన్సిలు ముక్కకి పెదనాన్న జవాబు రాయలేదా?" అని అడిగాను.

రాశాడట. ఆయన ఉత్తరాలు నాన్నమ్మకు చదివి వినిపించేది నాన్నే కాబట్టి విడిగా చెప్పడానికి వీల్లేదు. ఊరగాయ గురించీ, చిట్టీ డబ్బుల గురించీ మామూలుగా రాసి, చివర ఒక్క మాట పెట్టాడట. చెదలు తిన్నా నాన్నకు అది కంఠతా వచ్చు. "తమ్ముడి దస్తూరీ బాగా కుదురుతున్నది. చిన్న అక్షరాలు కూడా చదవగలుగుతున్నాను, ఇంకా రాయమనుము."