కఫం పరీక్ష రాయండి బాబూ

“మీలాంటి మంచి కుటుంబాల్లో టీబీ రాదమ్మా, భయపడకండి.”

2019 మార్చిలో తిరుపతిలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో డాక్టరు నవ్వుతూ నాతో అన్న మాట ఇది. ధైర్యం చెబుతున్నాననే అనుకుని ఉంటాడు. అప్పటికి నాకు దగ్గు పట్టుకుని నెల దాటింది. పొద్దుగూకితే ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారేసరికి దిండు చెమటతో తడిసి ఉండేది. పక్కన కూర్చున్న అమ్మ, “ఒకసారి కఫం పరీక్ష రాయండి బాబూ” అని అడిగింది. “డాక్టరు నేనా, మీరా?” అన్నాడాయన. అమ్మ కొంగు సర్దుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడం వెనుక ఎంత ఉందో నాకు అప్పుడు తెలియదు.

ఆయన రాసిన యాంటీబయాటిక్‌తో పది రోజులు నెమ్మదించింది. ఆ రకం మందులు టీబీని కొద్దిగా అణచిపెట్టి, తగ్గినట్టే భ్రమ కలిగిస్తాయని, అసలు జబ్బు బయటపడటం ఆలస్యం చేస్తాయని తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో చెప్పారు. ఆ పది రోజుల సంతోషం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాలుగేళ్ల నా కూతురిని పక్కలో వేసుకుని పడుకున్న రాత్రులు అవి.

ఏప్రిల్‌లో ఒక రాత్రి, రెండు గంటలప్పుడు దగ్గు తెర వచ్చి నిద్ర లేచాను. నోట్లో ఉప్పగా, వెచ్చగా తగిలింది. దీపం వేసి చూస్తే అరచేయంతా రక్తం. మా వారు డ్యూటీ మీద ఊళ్లో లేరు. అమ్మ పరుగున వచ్చి, పప్పు కడిగే స్టీలు గిన్నె నా గడ్డం కింద పెట్టింది. మళ్లీ దగ్గు, మళ్లీ రక్తం. గిన్నె అడుగు కనబడకుండా పోయింది. నేను ఇక బతకననే అనుకున్నాను. పాప నిద్రలో కదిలితే, అది లేచి ఇది చూస్తుందేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాను.

“గిన్నెలోకి చూడకు తల్లీ. నా ముఖం చూడు” అంది అమ్మ. నన్ను పక్కకు ఒరిగించి, వీపు మీద చేయి వేసి, తెల్లవారేదాకా ఆ చేయి తీయలేదు. ఆ చీకట్లోనే నాకు తాతయ్య సంగతి చెప్పింది.

అమ్మ 1950లో పుట్టింది. తనకు ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న ఇలాగే గిన్నె నిండా రక్తం కక్కాడట. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో చేర్పించారు. 1915 నుంచీ నడుస్తున్న క్షయ ఆసుపత్రి అది. పొడిగాలి తగిలే ఎత్తైన చోటు, చుట్టూ చెట్లు. 14 నెలలు అక్కడే స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకున్నాడు. పిల్లను దగ్గరికి రానిచ్చేవారు కాదు. చెట్టు కింద నిలబడితే ఆయన వరండాలోంచి చేయి ఊపేవాడట. తగ్గి ఇంటికి వచ్చాడు, ఆ తర్వాత 30 ఏళ్లు బతికాడు. కానీ అమ్మ పెళ్లి మాటలప్పుడు, ఆ 14 నెలలూ ఆయన బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడని చెప్పారు. క్షయ ఉన్న ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు? మా నాన్నకు కూడా తెలియకుండా యాభై ఏళ్లు ఆ మాట కడుపులో దాచుకుంది.

“ఆ రోజు డాక్టరు దగ్గరే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. నాదే తప్పు” అంటూ ఏడ్చింది. తప్పు ఆమెది కాదు. కఫం పరీక్ష రాయడానికి తాతల చరిత్ర అక్కర్లేదు. నెల దాటిన దగ్గు చాలు.

తెల్లవారగానే మా వీధి ఆటో అబ్బాయి మమ్మల్ని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. ఎక్స్‌రే, కఫంలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష, ఫలితం, అన్నీ త్వరగానే అయ్యాయి. మందులకు లొంగే టీబీయే అన్నారు. నా బరువు 45 కిలోలు. రోజుకు 3 మాత్రలు, ఆరు నెలలు. నెలకు 500 రూపాయలు పోషణ కోసమని నా ఖాతాలో పడేవి, అమ్మ వాటిని ‘గుడ్ల డబ్బులు’ అనేది. పాపకు జబ్బు లేదని తేలినా, చిన్నపిల్ల కనుక ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ అనే టీబీ మందు ఇచ్చారు. దాన్ని మింగించే పని కూడా అమ్మమ్మదే. ఒళ్లో కూర్చోబెట్టుకుని, కథ మంచి పట్టులో ఉండగా ఆపి, “మింగితేనే తర్వాత ఏమైందో చెబుతాను” అనేది. నాకు దూరంగా పడుకున్న ఆ రోజుల్లో నా కూతురు ఒక్క రాత్రి కూడా ఏడవలేదంటే అది అమ్మ పుణ్యమే.

మాత్రను అట్టలోంచి నొక్కి తీస్తే వెనుక ఒక ఫోను నంబరు కనబడేది. ఆ నంబరుకు ఫోను చేస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు లెక్క. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుతూ నొక్కేది. తర్వాత పూజ గదిలోంచి కుంకుమ తెచ్చి గోడ క్యాలెండరులో ఆ తేదీ మీద బొట్టు పెట్టేది. అక్టోబరు దాకా ఒక్క తేదీ ఖాళీ లేదు. ఆగస్టులో ఒకచోట మాత్రం బొట్టు పసుపుది. ఆ రోజు కుంకుమ అయిపోయింది.

మే నెలలో మా ఆడపడుచు చూడటానికి వచ్చింది. గుమ్మం దాటకుండానే, “పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టారా అత్తయ్యగారూ? మా వంశంలో ఎవరికీ లేదు ఈ రోగం” అంది. నేను తల దించుకున్నాను. అమ్మ మాత్రం దించుకోలేదు. “మా వంశంలో ఉందమ్మా. మా నాన్నకు వచ్చింది. ఆరోగ్యవరంలో నయమైంది. ఇది పళ్లేల వల్ల అంటదు, గాలి వల్ల అంటుంది. అందుకే కిటికీలన్నీ తెరిచి పెట్టాను” అని, నేను తిని లేచిన పళ్లెంలోనే అన్నం పెట్టుకుని ఆమె ఎదురుగా తినింది. యాభై ఏళ్ల రహస్యం అలా, పెరుగన్నం కలుపుకుంటూ చెప్పేసింది. ఆడపడుచును నేను ఇంకా క్షమించలేదు. క్షమించమని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

అక్టోబరులో తగ్గిందన్నారు. అమ్మ మొక్కు కోసం 2020 ఫిబ్రవరిలో అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. మోకాళ్ల నొప్పులతో అమ్మ మొదటి మెట్టు దగ్గరే కర్పూరం వెలిగించి, బస్సులో పైకి వచ్చి నా కోసం కాచుకుంది. నన్ను కాపాడింది ఆ మూడు మాత్రలా, ఆ స్వామా అని ఎవరైనా అడిగితే, ఇద్దరినీ నా దగ్గరికి తెచ్చింది అమ్మే అంటాను.

2023లో, 73 ఏళ్ల వయసులో, అమ్మ గుండె ఆగి నిద్రలోనే పోయింది. పెద్దకర్మ నాడు అందరూ ఆమె ఓర్పు గురించి, వంట గురించి చెప్పారు. భోజనాలయ్యాక ఆటో అబ్బాయి నా దగ్గరికి వచ్చి, “అక్కా, మీకు తెలుసో లేదో” అంటూ మొదలుపెట్టాడు.

నా మందులు పూర్తయిన వారమే అమ్మ అతని ఆటోలో ఆ క్లినిక్‌కు వెళ్లిందట. టోకెన్ తీసుకుని, ఫీజు కట్టి, గంటన్నర కూర్చుంది. మెట్లు ఎక్కలేదని అతనే చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లాడు. అమ్మ నా కాగితాలన్నీ బల్ల మీద పరిచి, “మంచి కుటుంబాలకు కూడా వస్తుంది బాబూ. మా నాన్నకు వచ్చింది, నా కూతురికి వచ్చింది. ఇకనుంచి అడిగిన వాళ్లకు కఫం పరీక్ష రాయండి” అందట. డాక్టరు ఏమీ అనలేదట. కాగితాలు ఒక్కొక్కటే చదివి, మళ్లీ మడిచి ఆమె చేతికిచ్చాడట.

తిరుగుదారిలో రైతుబజారు దగ్గర ఆటో ఆపించి పాలకూర కొనుక్కుందని చెప్పాడు. ఆ సాయంత్రం గుర్తు చేసుకోవాలని ఎంత ప్రయత్నించినా నాకు గుర్తు రావడం లేదు. పాలకూర పప్పు చేసే ఉంటుంది. నేను తినే ఉంటాను.